ఇద్దరికీ ఒకే పిస్టల్

మా షూటింగ్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుని, పరీక్షలు పాసై, కొంతకాలం అద్దె తుపాకులతో కాల్చిన తర్వాత సొంతంగా ఒక తుపాకీ కొనుక్కోవడానికి అనుమతి అడగొచ్చు. ఒక్కటే. రెండోదానికి మళ్లీ ఏళ్ల తరబడి ఆగాలి. కొన్నా అది ఇంటికి రాదు. సింగపూర్‌లో ఇంట్లో తుపాకీ పెట్టుకోవడమన్న మాటే లేదు. అది క్లబ్ ఆయుధాల గదిలో ఇనప అలమారాలో ఉంటుంది. వెళ్లి, సంతకం పెట్టి, తీసుకుని, కాల్చుకుని, తుడిచి, తిరిగి అప్పగించి రావాలి. ఇంత తతంగం ఉన్న వస్తువు మీద ఆశపడటం తెలివితక్కువ పనేమో. నేను ఆశపడ్డాను.

మాది ప్రొద్దుటూరు. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాను. చదువయ్యాక ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం దొరికింది, ఉండిపోయాను. మా ఆయనది తెనాలి. ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. సెరంగూన్‌లో ఫ్లాట్, ఒక కూతురు. తుపాకులతో మా ఇంటావంటా ఎవరికీ సంబంధం లేదు. మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఒకసారి క్లబ్ చూపిస్తానని తీసుకెళ్లింది. కొత్తవాళ్ల చేత నాలుగు గుళ్లు కాల్పించి పంపే రోజది. వెళ్లకపోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

నాది ఎడమచేతి వాటం. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో ఎడమచెయ్యి పెట్టానని నాన్నమ్మ వేళ్ల మీద ఒక్కటి వేసిందట. ఆ తర్వాత ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేవాళ్లు. అన్నం ముందు కూర్చున్నప్పుడు, పలక ముందు కూర్చున్నప్పుడు. అలా తినడం, రాయడం కుడిచేతికి వచ్చాయి. మిగతావన్నీ ఎడమచేతికే ఉండిపోయాయి. కత్తిపీట దగ్గర, సూది దగ్గర, చీపురు దగ్గర ఇప్పటికీ ఎడమచెయ్యే ముందుకొస్తుంది. పెళ్లిళ్లలో ఎవరికైనా తాంబూలం అందిస్తుంటే "కుడిచేత్తో ఇయ్యి పాపా" అనని పెద్దావిడ లేదు.

ఆ రోజు క్లబ్‌లో మలయ్ శిక్షకుడొకాయన నా రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు వదలమన్నాడు. అందులోంచి గోడ గడియారాన్ని చూడమన్నాడు. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూయించి, "మీకు ఎడమ కన్ను బలం. చెయ్యి కూడా ఎడమేనా?" అని అడిగాడు. ఎడమే అన్నాను. "గుడ్" అని పిస్టల్‌ని నా ఎడమచేతిలో పెట్టాడు. ఎందుకని గానీ, కుడిచెయ్యి అలవాటు చేసుకోరాదా అని గానీ అనలేదు. ఆ మొదటి గుళ్లు ఎక్కడ తగిలాయో గుర్తులేదు. ఆ ప్రశ్న గుర్తుంది.

కొన్ని నెలల తర్వాత మా ఆయన కూడా చేరాడు. "ప్రతి శనివారం నువ్వొక్కదానివే అంత దూరం పోవడమెందుకు, నేనూ వస్తా" అన్నాడు. నాకు సంతోషమే అనిపించింది. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి నేర్చుకున్నది ఏదీ లేదు. రైలెక్కి, బస్సు మారి, క్లబ్‌కి చేరేదాకా గురి గురించి, ఊపిరి బిగపట్టడం గురించి మాట్లాడుకునేవాళ్లం. అవి మంచి శనివారాలు.

క్లబ్‌లో ఒక చైనీస్ ఆంటీ ఉండేది. బెడోక్‌లో ఒంటరిగా ఉంటుంది. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైంది. డెబ్బై దాటినా నిటారుగా నిలబడేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె దగ్గర ఒక రివాల్వర్ ఉండేది. నేను పుట్టక ముందు తయారైంది. నల్లటి ఉక్కు గొట్టం చివర అరిగి తెల్లబడింది. చెక్క పిడి మీద చెక్కుళ్లూ నగిషీలూ ఏమీ లేవు, నున్నగా, రెండు వైపులా ఒకేలా ఉంది. మా క్లబ్‌లో రివాల్వర్ వాడేవాళ్లు ఇంకెవరూ లేరు. అందరూ దాన్ని మ్యూజియం సరుకని నవ్వేవాళ్లు.

ఒకరోజు నా పక్క వరసలో నిలబడి చూస్తూ, నా కళ్లద్దాల మీద ఏదో ఠంగున తగలడం గమనించింది. మామూలు పిస్టల్ కాల్చిన ప్రతిసారీ ఖాళీ తూటాను కుడివైపుకి విసిరేస్తుంది. కుడిచేత్తో పట్టుకున్నవాళ్లకి అది పక్కకి పోయి పడుతుంది. ఎడమచేత్తో పట్టుకున్నవాళ్లకి ముఖం ముందునుంచి పోతుంది. అప్పుడప్పుడు పోదు.

"దీంతో కాల్చి చూడు" అని తన రివాల్వర్ బల్ల మీద పెట్టింది.

రివాల్వర్‌లో ఖాళీ తూటాలు ఎగరవు. ఆరూ కాల్చేదాకా ఆ గుండ్రటి చక్రంలోనే ఉంటాయి. తర్వాత మనమే వంచి కుమ్మరించుకోవాలి. నేను కాల్చాను. తలపక్కన ఏమీ ఎగరలేదు. కన్ను మూతపడలేదు. పిడి నా అరచేతిలో కదలకుండా ఇమిడింది. గురి కాగితం దగ్గరికి తెచ్చి చూస్తే ఆరు చిల్లులూ ఒక రూపాయి బిళ్ల కింద దాచేసేటంత దగ్గరగా ఉన్నాయి. ఆంటీ కాగితాన్ని చూసి తలూపింది. ఆమె మెచ్చుకోలు అంతే.

ఆ తర్వాత కొన్ని వారాలు ప్రతిసారీ నాచేత కాల్పించింది. ఒకరోజు కాంటీన్‌లో కూర్చున్నప్పుడు, "నా మణికట్టు పాడైంది. ఈసారి లైసెన్స్ రెన్యూ చెయ్యను. నీకు కావాలంటే ఇది నీకిస్తా. ఎవరూ తీసుకోకపోతే పోలీసులకి అప్పగించాలి. వాళ్లు ముక్కలు చేసేస్తారు లా" అంది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పాను. మా ఆయన వెంటనే కాదనలేదు. ఆయన ఏదీ వెంటనే కాదనడు.

"బానే ఉంది, కానీ ఆలోచిద్దాం" అన్నాడు. "నేనింకా కొత్తవాణ్ణే, మనిద్దరికీ కలిపి ఇప్పుడు ఒక్కటే కొనుక్కునే వీలుంది. ఒక్కటే అయినప్పుడు అన్నిటికీ పనికొచ్చేది తీసుకోవాలా, ఒక్కదానికే పనికొచ్చేదా? దీంతో నింపాదిగా కాల్చే పోటీలు కాలుస్తావు. పది సెకన్లలో ఐదు కాల్చాలంటే? ప్రతి గుండుకీ ఆ బరువు ట్రిగ్గర్ లాగాలి. చెయ్యి వణుకుద్ది. స్పేర్ పార్టులు దొరకవు. రేపు చక్రం వదులైపోతే బాగుచేసేవాడే ఉండడు."

అన్నీ నిజాలే. ఆయన మాటల్లో తప్పు పట్టుకోవడానికి నాకెప్పుడూ ఏమీ దొరకదు. ఫ్లాట్ కొన్నప్పుడూ అంతే, కూతురి స్కూలప్పుడూ అంతే, ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టిన పైచదువు నేను మధ్యలో ఆపినప్పుడూ అంతే.

"పది సెకన్ల పోటీలు నాకు అక్కర్లేదండీ. నాకు అదే కావాలనిపిస్తా ఉంది" అన్నాను.

"ఇప్పుడు అక్కర్లేదు. తర్వాత కావాలనిపిస్తే? ఇంకోటి చెప్తా విను. క్లబ్‌లో అడిగా. భార్యాభర్తలైతే ఒకే తుపాకీ మీద ఇద్దరి పేర్లూ పెట్టుకోవచ్చంట. మంచి పిస్టల్ ఒకటి తీసుకుంటే ఇద్దరం వాడుకోవచ్చు."

"దాని పిడి కుడిచేతికి చెక్కి ఉంటుంది కదా."

"నువ్వు రాసేది కుడిచేత్తోనే కదా? తినేది కుడిచేత్తోనే కదా? అదీ అలవాటైపోద్ది."

నేను కంచంలో చెయ్యి ఆపేశాను. ఆయన చెడుగా అనలేదు. చేతికి గుడ్డ చుట్టి కట్టిన సంగతి నేనే నవ్వుకుంటూ పెళ్లయిన కొత్తల్లో ఆయనకి చెప్పాను. ఇప్పుడది నాకు వ్యతిరేకంగా వాదనై వచ్చింది.

మా అమ్మాయి ఫోన్ లోంచి తలెత్తి, "అమ్మా, నీకు నచ్చింది నువ్వు తీసుకో లా. వై సో కాంప్లికేటెడ్?" అంది.

"నువ్వు తిను ముందు" అన్నాడు వాళ్ల నాన్న.

తర్వాతి ఆదివారం సెంగ్‌కాంగ్‌లో మా స్నేహితుల పాప పుట్టినరోజు. వాళ్ల అపార్ట్‌మెంట్ల ఫంక్షన్ రూమ్ నిండా తెలుగువాళ్లు. మా ఆయన ఈ సంగతి అక్కడ ఎత్తాడు. నిముషంలో మగవాళ్లంతా చుట్టూ చేరారు. వాళ్లలో ఒక్కరూ ఎప్పుడూ తుపాకీ పట్టుకున్నవాళ్లు కారు. కానీ అందరికీ అభిప్రాయాలున్నాయి. ఒకాయన పిస్టలే బెస్ట్ అన్నాడు. ఇంకొకాయన రివాల్వర్ సినిమాల్లో పాత పోలీసోళ్లది కదా అని నవ్వాడు. "రీసేల్ వాల్యూ చూసుకో బ్రో" అన్నాడు మరొకాయన. అందరూ మాట్లాడేది మా ఆయనతోనే. నేను బిర్యానీ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. తుపాకీ కాల్చేది ఎక్కువగా నేనేనని, పరీక్షలో ఆయనకంటే ఎక్కువ మార్కులు నాకొచ్చాయని ఆయన చెప్పాడు కూడా. "అబ్బో, వదిన షార్ప్ షూటర్!" అన్నారు. మళ్లీ ఆయన వైపు తిరిగారు.

అక్కడి నుంచి రైల్లో వస్తూ, "అందరూ అదే అంటున్నారు చూశావా" అన్నాడు.

పట్టు పట్టలేదా అంటే పట్టాను. రెండు మూడు వారాలు. ఇంట్లో మాటలు తగ్గాయి. చివరికి ఆయనే ఒక మధ్యేమార్గం చెప్పాడు. పిస్టల్ తీసుకుందాం, కానీ కుడిచేతి పిడి కాకుండా రెండు చేతులకీ సరిపోయేలా చదునుగా ఉండే పిడి వేయిద్దాం అని. అంత దిగొచ్చాక ఇంకా కాదంటే నేనే మొండిదాన్ననిపిస్తుంది. సరే అన్నాను.

ఆంటీకి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. బెడోక్ వెళ్లాను. అక్కడి హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య, టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపి ఉంచింది. కాఫీ తెచ్చుకుని కూర్చున్నాక, "మా ఆయన అంటున్నాడు, ఇద్దరికీ కలిపి..." అని మొదలుపెట్టాను.

"నేను మీ ఆయన్ని అడగలేదు" అంది.

నేను కాఫీలో చెంచా తిప్పాను. ఆమె, "కెన్, కెన్. సరేలే, నీ ఇష్టం" అని, చేపల ధర గురించి, తన బ్లాక్‌లో లిఫ్ట్ మరమ్మతుల గురించి మాట్లాడింది. వెళ్లేటప్పుడు తన కప్పు తనే ట్రేలో పెట్టుకుని తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

పిస్టల్ వచ్చింది. మంచి పిస్టలే. గురి గట్టిగా నిలిచేది, ట్రిగ్గర్ మెత్తగా ఉండేది. ఆ చదును పిడి మాత్రం ఇద్దరికీ సరిపోలేదు. ఆయన అరచేతిలో ఖాళీ మిగిలేది, నా అరచేతిలోనూ మిగిలేది. సేఫ్టీ మీట ఎడమవైపు ఉంది, అంటే కుడిచేతి బొటనవేలికి. దాన్ని తియ్యాలంటే నేను పట్టు వదిలి చెయ్యి తిప్పుకోవాలి. ఖాళీ తూటాలు నా ముందునుంచి పోతూనే ఉన్నాయి. ఒకసారి ఒకటి చొక్కా కాలర్ లోపల పడింది. కాలుతుంటే అరవకుండా పిస్టల్‌ని బల్ల మీద పెట్టి, అప్పుడు దులుపుకున్నాను. మెడ కింద చిన్న మచ్చ పడింది. "కాలర్ గుండీ పెట్టుకోవాలి" అన్నాడు మా ఆయన. అదీ నిజమే.

అప్పటినుంచి ప్రతి గుండుకీ ముందు నా ఎడమ కన్ను ఒకసారి రెపరెపలాడేది. దాన్ని ఆపడం నాచేత కాలేదు. మార్కులు తగ్గాయి. ఆయనకి పెరిగాయి. సంవత్సరం తిరిగేసరికి క్లబ్ పోటీల్లో ఆయన పేరు మొదటి అయిదారుగురిలో ఉండేది.

ఒక శనివారం ఆయనకి ఆఫీసు పనుంది, నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయుధాల గదిలో సంతకం పెట్టి పెట్టె తీసుకుని, వరసలోకి వెళ్లి తెరిచాను. పిడి మారి ఉంది. కొత్త వాల్‌నట్ చెక్క, వేళ్లకి గుంటలు, అరచేతికి ఉబ్బు, బొటనవేలికి చిన్న అరుగు. అన్నీ కుడిచేతికి. ఎడమచేత్తో పట్టుకుని చూశాను. పట్టు కుదరదు, చెక్క వేళ్లని బయటికి తోస్తుంది. పాత పిడి పెట్టెలో లేదు. శిక్షకుడు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా, "క్లబ్ తుపాకీ తెమ్మంటారా?" అన్నాడు. వద్దన్నాను. పెట్టె మూసి తిరిగి అప్పగించాను.

ఇంటికొచ్చి అడిగాను. "పిడి మార్చినారా?"

"ఆ, వచ్చే నెల మ్యాచ్ ఉంది కదా. చెబుదామనే అనుకున్నా, మర్చిపోయా. మ్యాచ్ అవగానే మళ్లీ పాతది బిగించేద్దాం."

"పాతది యాడుంది?"

"ఇక్కడే, నా డ్రాయర్‌లో ఉంది. పోద్దా ఎక్కడికైనా?" అన్నాడు. నా ముఖం చూసి, "నువ్వు ఈమధ్య పెద్దగా కాల్చట్లేదు కదా అనుకున్నా" అన్నాడు.

కాల్చడం ఎందుకు తగ్గిందో ఆయనకి తెలియదా? తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదా? ఆ రెండో ప్రశ్నే నాకు ఎక్కువ మంట. నేను అరవలేదు. "నా పేరు తీసేయండి దానిమీంచి" అన్నాను.

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "చిన్న చెక్కముక్క కోసమా?" అన్నాడు. రెండు రోజులు బతిమాలాడు. మూడో రోజు, "సరే, ప్రాక్టికల్‌గా చూస్తే అదే నయమేమో, ఎవరి పద్ధతి వాళ్లకి" అన్నాడు. క్లబ్ ఆఫీసులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని సంతకాలు పెట్టాం. గుమాస్తా అమ్మాయి నవ్వుతూ, విడాకులేమో అనుకున్నా అని జోక్ వేసింది. ఆయన నవ్వాడు.

అప్పుడు ఆంటీకి ఫోన్ చేశాను. ఆమె లైసెన్స్ ఇంకా ఉందేమో, రివాల్వర్ ఎవరికీ ఇవ్వలేదేమో, నా వంతు వచ్చేదాకా ఆపుతుందేమో అన్న ఆశ.

"అప్పగించేశా" అంది. "ఎప్పుడో. ముక్కలు చేసేసి ఉంటారు."

"ఎవరూ తీసుకోలేదా?"

"ఎవరు తీసుకుంటారు? అందరూ తెలివైనవాళ్లే లా." తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు ఇంటికొచ్చి అన్నం వండుకోలేదు. బయటే ఏదో తిని పడుకున్నా. ముప్పై ఏళ్లు నా చేతిలో ఉంది" అంది. ఆమె నోట నేను విన్న పెద్ద మాట అదే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆయనకి ఆ ఏడు పతకం వచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. "అసలు ఈ పిచ్చి నాకంటించింది తనే" అని నా వైపు చెయ్యి చూపించేవాడు. గొప్ప మనసున్న మనిషని అందరూ అనుకునేవాళ్లు. "మరి మీరెందుకు మానేశారు?" అని నన్నడిగితే, నేను నోరు తెరిచేలోపే, "తనకి ల్యాబ్ పనితో కుదరట్లేదు" అనేవాడు. మొదట్లో ఊరుకున్నాను. ఒకసారి మాత్రం అందరి ముందే, "మానలేదు. బుధవారాలు పోతా ఉండాను" అన్నాను. ఎవరో సమోసాలు బావున్నాయన్నారు.

నిజంగానే బుధవారాలు వెళ్తున్నాను. ల్యాబ్ నుంచి నేరుగా. క్లబ్ అద్దె పిస్టళ్లలో ఒకదానికి ఎడమచేతి పిడి ఉంది. ఎవరో వదిలేసిపోయిందట, చెమటకి నల్లబడిపోయింది. దాంతోనే కాలుస్తాను. కన్ను రెపరెపలాడటం తగ్గింది గానీ పోలేదు. కాలర్ గుండీ పెట్టుకుంటాను.

పేరు తీయించుకుని ఏళ్లు ఆగాక, ఈ ఏడు నాకు సొంతంగా అనుమతి అడిగే వీలొచ్చింది. రివాల్వర్ కోసం వెతికాను. ఇక్కడ అమ్మేవాడి దగ్గర లేదు. తెప్పించాలంటే కాగితాలకే ఏళ్లు పడుతుందన్నాడు, అది కూడా కొత్తది, బరువు వేరు, పిడి వేరు. కేటలాగ్ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి మామూలు పిస్టల్‌కే దరఖాస్తు పెట్టాను, ఎడమచేతి పిడితో. అన్ని పోటీలకీ పనికొస్తుంది. పార్టులు దొరుకుతాయి.

మా ఆయన ఆ కాగితం బల్ల మీద చూశాడు. చదివి, తృప్తిగా నవ్వి, "నేను మొదట్నుంచీ చెప్పింది ఇదే కదా" అన్నాడు.

వాషింగ్ మెషిన్ ఆగింది. నేను లేచి తడిబట్టలు బుట్టలో వేసుకుని, వెదురు కర్రలకి గుచ్చి కిటికీ బయట ఆరేశాను. ఆయన చొక్కాలు కూడా.